సీలు విప్పిన మనిషి

జనం నవలలు మొదలుపెట్టి సగంలో వదిలేస్తున్నారన్న సంగతి ప్రభుత్వం చెవిన ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు. వేసినవాడు మాత్రం ఎక్కడో చల్లగానే ఉండి ఉంటాడు. సగం కట్టిన వంతెనలనీ, సగం తవ్విన కాలవలనీ చూసి ఏనాడూ చలించని ప్రభుత్వం, సగం చదివిన నవల అనేసరికి గుడ్ల నీరు కుక్కుకుంది. వెంటనే పఠన పరిపూర్తి ప్రాధికార సంస్థ అని ఒకటి పుట్టింది. దానికొక భవనం, భవనానికొక బోర్డు, బోర్డు మీదొక లైటు, ఆ లైటు వేసి తీయడానికి ఒక మనిషి, ఆ మనిషి వచ్చాడో లేదో చూడడానికి ఇద్దరు మనుషులు ఏర్పాటయ్యారు. ఇంతమంది కూర్చున్నాక ఏదో ఒకటి చెయ్యక తప్పదు గనక ఒక ఉత్తర్వు జారీ చేశారు.

"ఏదేని ఒక నవలను పఠింప నారంభించి, దానిని పరిపూర్తి గావింపని పౌరుడు, సదరు పరిపూర్తి జరుగునంతవరకు ఇతర కళాస్వాదనకు అనర్హుడుగా పరిగణింపబడును."

సినిమావాళ్ళు ఓసారి రాజధానికి వెళ్ళొచ్చారు. మర్నాటికల్లా సినిమా అనేది కళ కాదు, పరిశ్రమ అని తేలింది. టీవీ గృహోపకరణం అయింది. హరికథ భక్తి కిందకి పోయింది. సంగీత కచేరీల్లో పెద్ద పెద్ద ఆఫీసర్ల పిల్లలు పాడతారు గనక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అలా తీసెయ్యగా తీసెయ్యగా చివరికి నాటకం ఒక్కటీ మిగిలింది. కాకినాడలో ఆ మిగిలిన నాటకం చేపల రేవు పక్కన, మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ఉండేది.

ఆ నాటకాలు వేయించేది నూకరత్నం గారు. మునిసిపల్ హైస్కూల్లో ఆటల టీచరు. మెడలో విజిలు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. ఆవిడ విజిలు వేస్తే నాటకం మొదలైనట్టు. అయిపోయినప్పుడు మాత్రం వేసేది కాదు. "బతుకులో ఏది ఎప్పుడయిపోయిందో మనకెవరైనా విజిలేసి చెబుతున్నారేంటండీ?" అనేది. అందువల్ల నాటకం అయిపోయాక కూడా జనం చేపల పెట్టెల మీద అలాగే కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, దోమలు కుట్టడం మొదలెట్టాక లేచిపోయేవారు. ఒక నాటకంలో ఒకాయన గంటసేపు కుర్చీతో దెబ్బలాడి చివరికి దానికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఇంకో నాటకానికి వేషగాళ్ళు ఎవరూ రాలేదు. అది వాన వల్ల జరిగిందో, నాటకమే అంతో ఇప్పటిదాకా తేలలేదు.

వీటిల్లో ఒక్కటి కూడా వదలకుండా చూసినవాడు ముమ్మిడి వీరభద్రం. కలెక్టరు గారి కార్యాలయంలో ఎక్కడో వెనక గదిలో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో ఆయన నోటి వెంట వచ్చే మాటలు రెండే రెండు. ఒకటి "చిత్తమండి", రెండోది, ఏ ఫైలు అడిగినా, "పెడతానండి". ఐసు ఫ్యాక్టరీకి వస్తే మాత్రం కడుపు పట్టుకుని నవ్వేవాడు. అర్థమై నవ్వేవాడా అంటే చెప్పలేం. ఆ చేపల వాసనలో, ఆ రేకుల కప్పు కింద, తనని ఎవరూ ఏదీ పెట్టమనరన్న ధీమా ఒకటి ఆయనకి ఉండేది.

ఆ వీరభద్రాన్ని ఒకనాడు నూకరత్నం గారు పక్కకి పిలిచింది.

"తమ్ముడూ, కొత్త నాటకం వేస్తన్నాం. ఇందులో నీకో డైలాగుంది."

"నాకాండీ? ఏ వేషం అండీ?"

"నీ వేషమే. నువ్వు జనంలోనే కూచుంటావు. మావాళ్ళు నలుగురు స్టేజీ మీద ఓ పెద్ద ఐసుగడ్డ చుట్టూ నించుంటారు. ఐసుగడ్డ ఉండదనుకో, ఉన్నట్టే. ఎవరూ కదలరు. నీకు ఇంక చాలు అనిపించినప్పుడు లేచి అడగాలి. 'అయ్యా, ఇది అయిపోయిందాండీ, ఇంకా ఉందాండీ?' అని. నువ్వు అడగ్గానే ఆ నలుగురూ గడ్డని ఎత్తి బయట పడేసొస్తారు. నువ్వడక్కపోతే నాటకం లేదు."

ఇంతవరకూ వీరభద్రం అడిగితేనే గాని కదలనిది ఈ లోకంలో ఒక్కటీ లేదు. ఆ రాత్రి ఆయనకి సంతోషంతో అన్నం సహించలేదు. మర్నాటి నుంచి స్నానాల గదిలో తలుపేసుకుని రకరకాల గొంతులతో ఆ మాట అనుకోవడం మొదలెట్టాడు. భార్య సత్యవేణి వంటింట్లోంచి "ఇంకా ఉందండీ, ట్యాంకు నిండానే ఉంది, తొరగా కానివ్వండి" అని కేకేసేది.

సరిగ్గా అప్పుడే ఆఫీసుల్లో నవల పంచారు. పేరు 'నిశ్చలాంతరంగ తరంగం'. రాసినాయన కోదండపాణి గారు. నవలకి ప్రభుత్వ బహుమతి వచ్చింది గనక ప్రభుత్వమే అచ్చువేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు మీద లక్కసీలు వేసి, ప్రతి ఉద్యోగికీ ఒకటి చొప్పున ఇచ్చింది. బుద్ధున్నవాళ్ళు తీసుకెళ్ళి టీవీ పక్కన పెట్టుకున్నారు. వీరభద్రానికి మాత్రం ఎవరైనా పుస్తకం ఇస్తే తెరిచి చూడాలన్న చాదస్తం ఒకటుంది. అందరి ఎదుటా సీలు చింపి, మొదటి పేజీలో మొదటి వాక్యం పైకి చదివాడు. ఆ వాక్యం మూడో పేజీలో ముగిసింది.

దాంతో ఆయన కొంప మునిగింది.

ఆదివారం నాటకానికి వెళ్తే ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో సంస్థ తాలూకు తనిఖీదారు బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముందున్నాయన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు.

"సీలు చెక్కు చెదరలేదు. నవల ప్రారంభింపబడలేదు. ప్రారంభింపబడనిది అసంపూర్తిగా ఉండజాలదు. తాము లోపలికి దయచేయవచ్చును."

వెనకాల ఇంకొకాయన. "నేను జన్మలో ఏ పుస్తకమూ ముట్టుకోలేదండి బాబూ" అన్నాడు గర్వంగా. తనిఖీదారు లేచి నిలబడి నమస్కారం పెట్టి లోపలికి పంపాడు. వీరభద్రం వంతు వచ్చింది. సీలు విప్పిన ప్రతి, యాభయ్యో పేజీ దగ్గర మడత.

"తాము పాఠకులు," అన్నాడు తనిఖీదారు జాలిగా. "కావున అనర్హులు."

ఆ రోజు లోపల నలుగురు వేషగాళ్ళూ లేని ఐసుగడ్డ చుట్టూ గంటన్నర సేపు శిలల్లా నిలబడ్డారు. అడిగేవాడు లేడు. చూసినవాళ్ళు ఇంత గొప్ప నాటకం ఇంతవరకు రాలేదని మెచ్చుకుంటూ వెళ్ళారు గాని, నూకరత్నం గారు మాత్రం బయటికొచ్చి వీరభద్రం మీద విరుచుకుపడింది.

"మావాళ్ళకి మెడలు పట్టేశాయి తమ్ముడూ! వచ్చే ఆదివారానికి నువ్వు రాకపోతే ఈ నాటకం ఎత్తేత్తాను. నీ డైలాగు ఇంకోళ్ళకిచ్చేది లేదు. అది నీ మొహం చూసి రాశాను."

వీరభద్రం ఆఫీసుకి సెలవు పెట్టి నవల ముందు కూర్చున్నాడు. కథంతా విభావరి అనే ఒకావిడది. ఆవిడ మేడ మీద నిలబడి కిందకి దిగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటుంది. వంద పేజీలైనా ఆవిడ కాలు కదపలేదు. వీరభద్రం కూర్చుని చదివితే నిద్రొచ్చింది. నిలబడి చదివితే నిలబడే నిద్రొచ్చింది. సత్యవేణి బెల్లం కాఫీ పోసింది, మొహాన నీళ్ళు చల్లింది, ఒకటి రెండు సార్లు వీపు మీద చరిచింది కూడా. అయితే చదవగా చదవగా ఒక వింత జరిగింది. ఆయనకి విభావరి మీద బెంగ పట్టుకుంది. పాపం, ఎండలో అంతసేపు నిలబడింది, కింద ఎవరున్నారో, దిగితే ఏమవుతుందో అని అన్నం తింటూ కూడా ఆలోచించసాగాడు.

సగానికొచ్చేసరికి విభావరి ఒక కాలు మెట్టు మీద పెట్టబోయింది. వీరభద్రం ఊపిరి బిగబట్టి పేజీ తిప్పాడు.

"రొయ్య పిల్లలను చెరువులో వదులుటకు ముందు నీటిలోని ఉప్పదనమును సరిచూసుకొనవలెను" అని ఉంది.

ఆయన మూడుసార్లు చదివాడు. ఇదేదో కొత్త రకం రచన అయి ఉంటుందనుకుని ముందుకి వెళ్ళాడు. మేత వేసే వేళలు వచ్చాయి. తెల్లమచ్చల తెగులు వచ్చింది. విభావరి మాత్రం రాలేదు.

"వేణీ, ఓసారి ఇలా రా. ఇదేంటో చూడు."

సత్యవేణి చేతులు తుడుచుకుని వచ్చి చదివింది. "రొయ్యల పెంపకం పుస్తకం అండీ ఇది. సర్కారు ప్రెస్సులో కుట్టేటప్పుడు కలిపేసుంటారు. అబ్బ, ఎంత బాగా రాశారో! ఇది మా చిన్నన్నయ్యకి పంపాలి, రొయ్యల చెరువు వేసి ఏం తోచక కొట్టుకుంటున్నాడు."

"మరి విభావరి ఏమైందే?"

"ఏ రొయ్యల రైతు ఇంటికో వెళ్ళుంటుంది లెండి, పాపం."

వీరభద్రం పరుగు పరుగున సంస్థ ప్రత్యేకాధికారి పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళాడు. పరాంకుశం గారు మామూలుగా మాట్లాడ్డం మానేసి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఉప్పు తక్కువైనా, "కూరయందు లవణము లోపించినట్లు మా దృష్టికి వచ్చినది" అంటారని చెప్పుకుంటారు.

"నవలాపఠనము పరిపూర్తి గావించితిరా?"

"చివరిదాకా చదివానండి. కాని సగం దాకానే నవలండి. అక్కణ్ణించి రొయ్యలండి."

"రొయ్యలు అనగా?"

"రొయ్యలేనండి. చివర్న చెరువు ఎండగట్టి సున్నం చల్లుతారండి. ప్రెస్సులో పొరపాటున కలిసిపోయింది కాబోలండి."

"ప్రభుత్వ ముద్రణాలయమున పొరపాటు జరుగుటకు నిబంధనలలో వీలు లేదు."

"చిత్తమండి. తమరి ప్రతి ఓసారి తెరిచి చూస్తే తేలిపోద్దండి."

పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి జరిగారు. బల్ల మీది కవరుని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నారు. "తెరువుమందురా? ఆదివారము నాటకమునకు ముఖ్య అతిథిని మేము! తెరిచినచో ప్రారంభించినట్లు. ప్రారంభించినచో ముగింపవలెను. ముగింపనిచో అనర్హులము. ఒక ప్రత్యేకాధికారిని పాఠకునిగా మార్చుటకు కుట్ర పన్నుచున్నారా?"

పోనీ కింద ఎవరైనా తెరుస్తారేమో అనుకుంటే, సంస్థలో ఉన్నవాళ్ళందరిదీ అదే పరిస్థితి. నవలా పఠనాన్ని పర్యవేక్షించే ఆ భవనం మొత్తం మీద సీలు తీసిన పుస్తకం ఒక్కటి కూడా లేదు. చివరికి ముగ్గురు పండితులతో ఒక సంఘం వేశారు. నిష్పాక్షికంగా ఉంటారని ఆ నవల చదవనివాళ్ళనే ఏరి వేశారు. వాళ్ళు రెండు రోజులు జీడిపప్పు ఉప్మా తిని, వీరభద్రం చెప్పిన రొయ్యల మీద చర్చించారు. రొయ్య అనునది ఆధునిక మానవుని వంగిన వెన్నెముకకు ప్రతీక అని తేల్చారు. చెరువంటే సమాజం అన్నారు. మేతంటే ప్రభుత్వ పథకాలని ఒకాయన అనబోతే మిగతా ఇద్దరూ ఆయన నోరు మూయించారు.

"మీ వాంగ్మూలమునే సరియైన సమాధానముగా స్వీకరించితిమి," అన్నారు పరాంకుశం గారు. "ఇకమీదట ఈ నవల ముగింపు ఏమని అడిగినచో, సున్నము చల్లుట అని చెప్పినవారే ఉత్తీర్ణులు. రాష్ట్రమున పరిపూర్తి గావించిన ప్రథమ పౌరులు మీరే. ఆదివారము అదే ఐసు ఫ్యాక్టరీలో మీకు బహిరంగ పరీక్ష, తదుపరి సన్మానము, తదుపరి మా ప్రసంగము, తదుపరి సమయమున్నచో నాటకము."

వీరభద్రం "చిత్తమండి" అనేసి వచ్చేశాడు. అబద్ధం చెప్పినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. అయినా నాటకంలోకి వెళ్ళొచ్చు కదా అని సరిపెట్టుకున్నాడు.

ఆదివారం నాలుగింటికి సత్యవేణిని వెంటబెట్టుకుని ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. సత్యవేణి జన్మలో నవల తెరవలేదు, భర్త చదవమన్న ఆ ఒక్క పేజీ రొయ్యలది గనక లెక్కలోకి రాదని దారిలోనే తేల్చుకుంది. గుమ్మం దగ్గర ఏదో గలాటా. తెల్ల పంచె కట్టుకున్న ఒక ముసలాయన, చంకలో దారంతో కట్టిన కాగితాల కట్టతో, తనిఖీదారు బల్ల ముందు వణుకుతూ నిలబడ్డాడు.

"నేను కోదండపాణినయ్యా! ఆ నవల రాసినవాణ్ణి!"

"రాయుట వేరు, చదువుట వేరు. తాము చదివితిరా?"

"రాసినప్పుడు చదవనా?"

"అయినచో ప్రారంభించినట్లే. ముగింపు సెలవియ్యండి."

"విభావరి మెట్లు దిగి..."

"తప్పు. చెరువు ఎండగట్టి సున్నము చల్లుదురు. తాము ఈ నవలను పూర్తిగా చదివినట్లు లేదు. అనర్హులు. పక్కకి జరగండి."

ముసలాయన పక్కనున్న చేపల పెట్టె మీద కూలబడ్డాడు. వీరభద్రం నోట్లోంచి వచ్చిన మాటే తిరిగి తిరిగి వెళ్ళి ఆ పెద్దాయనకి అడ్డం పడింది. ఆయన ఏదో అనబోయాడు. ఇంతలో లోపల్నించి నూకరత్నం గారి విజిలు వినబడింది. తనిఖీదారు "దయచేయండి ప్రథమ పౌరులవారూ" అని ఆయన్ని లోపలికి నెట్టేశాడు.

స్టేజీ మీద నలుగురు వేషగాళ్ళు అప్పటికే చతురస్రంగా నిలబడి ఉన్నారు. నడుమ జాగా ఖాళీ. పరాంకుశం గారు మైకు పట్టుకుని సరిగ్గా ఆ ఖాళీ జాగాలోకి వెళ్ళి నిలబడ్డారు. కాస్త పక్కకి నిలబడమని నూకరత్నం గారు చెప్పి చూసింది. "ముఖ్య అతిథి స్థానము మధ్యస్థానము" అని ఆయన కదల్లేదు. సీలు చెదరని కవరు ఆయన చంకలో ఉంది.

పరీక్ష చిటికెలో అయిపోయింది. ముగింపు ఏమని అడిగారు, సున్నం అని వీరభద్రం నేల చూపులు చూస్తూ చెప్పాడు. శాలువా కప్పారు. ఆయన వచ్చి భార్య పక్కన పెట్టె మీద కూర్చున్నాడు. అప్పుడు ప్రసంగం మొదలైంది.

"సభాసదులారా, పఠనము అనగా నేమి? పరిపూర్తి అనగా నేమి? పఠనమునకు పరిపూర్తికి గల సంబంధ మెట్టిది? ఈ మూడు ప్రశ్నలను వేర్వేరుగానూ, జంటలుగానూ, అటుపై మూకుమ్మడిగానూ పరిశీలింతుము."

వేర్వేరుగా పరిశీలించడం అయ్యేసరికి రేకుల కప్పు చిల్లులోంచి పడే ఎండ ఒక గోడ నుంచి ఇంకో గోడకి పాకింది. జంటలు మొదలయ్యాయి. వేషగాళ్ళు నలుగురూ నాలుగు దిక్కులా బిగుసుకుపోయి నిలబడ్డారు. ఒకడి మెడ మెల్లగా ఒరుగుతోంది. గోడ పక్కనించి నూకరత్నం గారు వీరభద్రం వైపే చూస్తోంది.

నీకు ఇంక చాలు అనిపించినప్పుడు, అని చెప్పింది ఆవిడ. చాలు అనిపించడం అంటే ఏమిటో వీరభద్రం ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ ఆలోచించలేదు. పై అధికారి మాట్లాడుతుంటే లేచి నిలబడడం ఎలా ఉంటుందో కూడా తెలియదు. కిటికీ అవతల తెల్ల పంచె అంచు గాలికి ఎగురుతూ కనిపించింది. ఆయనకి ఉన్నట్టుండి చెప్పలేనంత కోపం వచ్చింది.

లేచాడు. శాలువా జారి కింద పడింది.

"అయ్యా," అన్నాడు. గొంతు ఆయనదే, కాని ఆఫీసులో ఎవరూ విన్నది కాదు. "ఇది అయిపోయిందాండీ, ఇంకా ఉందాండీ?"

అంతలో కిటికీ బయటినించి వణికే గొంతు ఒకటి పెద్దగా అరిచింది. "ఇంకా ఉంది! ఇంకా సగం ఉంది! సున్నం కాదు!"

వేషగాళ్ళు నలుగురూ ఒక్కసారి కదిలారు. వాళ్ళకి తెలిసిందల్లా నడుమ ఉన్నదాన్ని ఎత్తి బయట పెట్టడమే. ఎత్తారు. పరాంకుశం గారు గాలిలో అడ్డంగా తేలుతూ, "ఇక మూకుమ్మడిగా పరిశీలించినచో..." అంటూనే, జనం తలల మీదుగా గుమ్మం దాటి వెళ్ళిపోయారు. మైకు తీగ ఉన్నంతవరకూ ప్రసంగం వినబడింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. "ఆ ఆఫీసరు వేషం కట్టినాయన ఎవరండీ బాబూ, ఏం చేశాడండీ!" అని ఒకాయన సత్యవేణిని అడిగాడు. ఆవిడ ఆ మాట వినలేదు. చెంగు నోట్లో కుక్కుకుని మొగుడి వైపే చూస్తోంది.

"అన్నది మా ఆయనేనండి," అంది చివరికి, ఎవరూ అడక్కపోయినా.

బయట పరాంకుశం గారిని జాగ్రత్తగా నేల మీద నిలబెట్టారు. ఆయన బట్టలు దులుపుకుని గబగబా మళ్ళీ లోపలికి వెళ్ళబోయారు. తనిఖీదారు లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మన్నించాలి సార్. తమ కవరు."

ఎత్తినవాళ్ళ పట్టుకి కవరు నలిగి లక్కసీలు రెండు ముక్కలైంది. అట్ట తెరుచుకుని మొదటి పేజీ గాలికి రెపరెపలాడుతోంది.

"ప్రారంభింపబడినది సార్," అన్నాడు తనిఖీదారు, ఆయన నేర్పిన భాషలోనే.

వీరభద్రం బయటికొచ్చేసరికి గుమ్మానికి ఒక పక్క పరాంకుశం గారు పెట్టె మీద కూర్చుని, వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ మొదటి వాక్యం చదువుకుంటున్నారు. ఇంకా రెండో పేజీలోకి రాలేదు. ఇంకో పక్క కోదండపాణి గారు కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని రేవు వైపు చూస్తున్నారు.

వీరభద్రం వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు. "అయ్యా, ఆ సున్నం మాట చెప్పింది నేనేనండి. తప్పయిపోయింది."

"సగం దాకా చదివావా బాబూ?" అని అడిగారాయన.

"చదివానండి. మధ్యలో చాలా ఇబ్బంది పెట్టారండి, దాచడం ఎందుకు. కాని ఆవిడ... విభావరి గారు మెట్టు మీద కాలు పెట్టబోయారు కదండీ. దిగారాండీ?"

కోదండపాణి గారి కళ్ళు చెమర్చాయి. ఆ నవలకి శాలువాలు వచ్చాయి, పతకాలు వచ్చాయి. ఆవిడ దిగిందా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఆయన కట్ట విప్పి చేతికివ్వబోతే వీరభద్రం రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

"చదివితే మళ్ళీ ప్రారంభించినట్టవుద్దండి. వచ్చే ఆదివారం నాటకం ఉంది. మీరు నోటితో చెప్పండి. వినడానికి రూలు లేదు."

ఆయన చెప్పడం మొదలెట్టారు. విభావరి మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు మీద ఆగి, తన చిన్నతనం అంతా తలుచుకుంది. మూడో మెట్టు మీద వాళ్ళమ్మ చిన్నతనం తలుచుకుంది. పడవలు ఒక్కొక్కటీ రేవులోకి వచ్చి చేరాయి. నాలుగో మెట్టు మీద విభావరికి ఐదో మెట్టు గురించి ఒక సందేహం వచ్చింది. సత్యవేణి వచ్చి ఇంకో పెట్టె లాక్కుని కూర్చుంది. వీరభద్రం మెల్లిగా గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఇది అయిపోయిందాండీ, ఇంకా ఉందాండీ?"

ముసలాయన ఉలిక్కిపడి ఆగారు. "ఇంకా చాలా ఉంది బాబూ. పొద్దుపోతోంది, వెళ్తారా పోనీ?"

వీరభద్రం పెట్టె ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎలా వెళ్తామండీ, మొదలెట్టేశాం కదా. కానివ్వండి."